కాలు విరిగింది నాకు, దండలు మా ఆయనకు

నేను మంచాన పడ్డ దగ్గర్నుంచి మా ఆయనకు దక్కినన్ని మెచ్చుకోళ్లు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా దక్కలేదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే పాట. "మీ ఆయన బంగారం తల్లీ, ఎంత ఓపిగ్గా చేస్తున్నాడో!" చేస్తున్నాడు, కాదనను. రాత్రి నేను మూలిగితే ముందు లేచేది ఆయనే. కానీ అదే ఇంట్లో, వంటగదిలో మా అమ్మ ఉంది. బీపీ మాత్రలూ మోకాళ్ల నొప్పులూ వెంటేసుకుని, నాన్నను ఊళ్లో ఒక్కడినే వదిలేసి వచ్చింది. ఆవిడను ఒక్కరంటే ఒక్కరు "నువ్వు తిన్నావా పిన్నీ" అని అడిగిన పాపాన పోలేదు. అడిగిందల్లా టీలో పంచదార తగ్గించమని.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. స్కూటీ ఇసుకలో జారి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. పెద్దది చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. గాయం కడిగి, లోపల రాడ్ వేసి, పైనా కిందా స్క్రూలు బిగించారు. ఇలాంటివి అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, గాయం పెద్దదైతే ఇంకా ఎక్కువే పడుతుంది. డాక్టరుగారు చెప్పేదాకా ఆ పాదం నేలకు ఆనకూడదు.

అందరూ ఆపరేషన్ గురించే అడుగుతారు. నాకు మత్తిచ్చారు, వాళ్లు చేశారు, అయిపోయింది. అసలు యాతన ఇంటికొచ్చాక మొదలైంది. మా బాత్‌రూమ్ గుమ్మంలో వాకర్ పట్టదు. లోపల నేల ఒక మెట్టు కిందికి ఉంటుంది, పైగా ఎప్పుడూ తడే. వాకర్ బయట వదిలేసి, ఒక చేత్తో తలుపు చట్రం, ఇంకో చేత్తో అమ్మ భుజం పట్టుకుని ఒంటికాలి మీద లోపలికి దిగాలి. నేను జారితే ఇద్దరం పడతాం. కమోడ్ కుర్చీ అద్దెకు తెచ్చాక ఆ గండం గడిచింది, కానీ ఆ డబ్బా ఎవరో ఒకరు ఎత్తాలిగా. పగలు అమ్మ, రాత్రి ఆయన. స్నానమంటే కాలికి పాలిథిన్ కవరు చుట్టి, పైన టేపు వేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కాలు స్టూలు మీద పెట్టి పోస్తారు. నా రెండో పాదం రుద్దడానికి అమ్మ కింద కూర్చుంటుంది. లేచేటప్పుడు బకెట్ అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగుతుంది, మోకాళ్లు సహకరించక. ఆ క్షణం చూస్తూ కూర్చోవడం కంటే నొప్పి నయం.

ఇక సలహాలు. పప్పు తింటే చీము పడుతుందట, వంకాయ వద్దట, గోంగూర అసలే వద్దట. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పూ గుడ్డూ పాలూ చేపా బాగా పెట్టండని డాక్టరుగారు చీటీ మీద రాసి మరీ ఇచ్చారు. అయినా ఒక పెద్దావిడ నా కంచంలో పప్పు చూసి అమ్మను పట్టుకుని కడిగేసింది, కూతురి కాలు కుళ్లబెడుతున్నావా అని. పాయా అంటారా, మహదానందంగా తాగుతున్నా. రుచి కోసం తాగుతున్నా, అది నేరుగా వెళ్లి ఎముకకు అతుక్కుంటుందని కాదు. నల్లేరు పచ్చడి కూడా తిన్నాను, దానికీ అభ్యంతరం లేదు. కానీ "ఆపరేషన్ ఎందుకు, పుత్తూరు కట్టు కట్టిస్తే పోయేదిగా" అన్నవాళ్లకు మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఎముక బయటికొచ్చిన కాలికి ఆకుపసరూ గుడ్డుసొనా కడితే ఇన్‌ఫెక్షన్ ఎక్కి కాలే పోవచ్చు.

ఇంకొకాయన "కాలు కదపకు, ఎముక పక్కకు జరుగుతుంది" అని వారం వారం ఫోన్ చేస్తాడు. నాకు ఫిజియోథెరపీ అబ్బాయి నేర్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: కాలు దిండు మీద ఎత్తి పెట్టుకుని, పాదం పైకీ కిందికీ గంటగంటకూ ఆడించమన్నాడు. ఆడించకపోతే పిక్కలో రక్తం గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఛాతీ పట్టేసి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తమన్నాడు. గంటగంటకూ గుర్తు చేసేది అమ్మే. ఫోన్లో అలారం పెట్టడం రాక సీరియల్ బ్రేకులు లెక్క పెట్టుకుంటుంది.

నిజానికి నా కోపం మా ఆయన మీద కాదు. అదే పని ఆయన చేస్తే త్యాగం, అమ్మ చేస్తే మామూలు, ఇదేం లెక్క? మా అన్నయ్యకు తుంటి విరిగినప్పుడు మా వదిన నెలల తరబడి ఇవన్నీ చేసింది, మధ్యలో ఉద్యోగానికి కూడా వెళ్లొచ్చింది. ఆవిడను బంగారం అన్న మనిషి నాకు గుర్తులేడు. పైగా "అన్నయ్య చిక్కిపోయాడే" అన్నారు.

ప్రభుత్వం లెక్క కూడా ఇలాగే ఉంది. ఈఎస్‌ఐ బీమా ఉన్నవాళ్లు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. సంతోషం. మరి వాళ్లను చూసుకోవడానికి పని మానేసి కూర్చున్న మనిషికి? కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లులకు పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది, ఉండాలి కూడా. కాలు విరిగిన మొగుడి కోసమో, పెళ్లాం కోసమో, తల్లి కోసమో అలాంటిది నాకు తెలిసిన ఏ ఆఫీసులోనూ లేదు. మా ఆయన సెలవులన్నీ అయిపోయి ఇప్పుడు జీతం కోతలో ఉన్నాడు. పొగిడినవాళ్లెవరికీ ఆ సంగతి తట్టలేదు.

ఒక్క మనిషికి మాత్రం అర్థమైంది. పై ఫ్లాట్‌లో ఉండే ఆంటీ. ఎక్స్‌రే చూపించమనలేదు, ఎలా పడ్డావని అడగలేదు. ఒకరోజు చిక్కుడుకాయలు చేటలో వేసుకుని వచ్చి నా మంచం పక్కన కూర్చుని, "పిన్నిగారూ, నాలుగింటిదాకా నేనుంటా, మీరు తలుపేసుకుని పడుకోండి" అంది. అమ్మ మొహమాటపడింది, వద్దంది, చివరికి వెళ్లి పడుకుంది. గురక హాల్లోకి వినిపించింది. ఆంటీ ఈనెలు తీస్తూ కూర్చుంది. అప్పట్నుంచీ వీలైనప్పుడల్లా వస్తోంది, ఒక్కోసారి వాళ్లింటి బట్టలు మడత పెట్టుకోవడానికి కూడా ఇక్కడికే తెచ్చుకుంటోంది.

కాబట్టి రావాలనుకునేవాళ్లు రండి, తలుపు తీసే ఉంటుంది. బత్తాయిలు ఇంట్లో కుళ్లిపోయేటన్ని ఉన్నాయి, ఇంక తేకండి. వీలైతే ఆదివారం రండి. ఆ రోజు పనమ్మాయి రాదు, సింకు నిండా అంట్లుంటాయి.