గుండె లేని సంగీతంపై ఒక అభియోగపత్రం

ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి హృదయం లేదన్న సంగతి పెద్దలందరికీ తెలిసినదే. గాయకుడి గొంతు బొంగురుపోదు, వాద్యగాడి వేళ్ళు బొబ్బలెక్కవు. మీట నొక్కితే చాలు, నిమిషానికి 120 దెబ్బలు పడుతూనే ఉంటాయి. దీన్ని రుజువులతో సహా తేల్చెయ్యాలని నేను నడుం బిగించాను. ముందుగా నేరం పుట్టిన చోటికే వెళ్ళాను. కాగితాల మీదనే లెండి, టికెట్టు డబ్బులు ఎవరిస్తారు?

నేరస్థలం షికాగో నగరం, సౌత్ జెఫర్సన్ వీధి, 206వ నంబరు భవనం. 1977లో అక్కడ ‘వేర్‌హౌస్’ అనే క్లబ్బు వెలిసింది. ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంలో ఒక రకమైన ‘హౌస్’కు ఆ పేరు దాన్నుంచే వచ్చిందంటారు. ప్రధాన నిందితుడు ఫ్రాంకీ నకల్స్. న్యూయార్క్ నుంచి వచ్చి శనివారం రాత్రి రికార్డులు తిప్పడం మొదలుపెడితే ఆదివారం పొద్దెక్కినా వదిలేవాడు కాదు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ ప్రియులు. ఊళ్ళో మరే గుమ్మం ఎక్కినా ఎగాదిగా చూపులు ఎదురయ్యేవి. మద్యం కూడా లేకుండా పళ్ళరసం తాగి తెల్లవార్లూ చెమటలు కక్కుతూ ఆడారట. మధ్యలో నకల్స్ దీపాలన్నీ ఆర్పించి, దూసుకొచ్చే రైలు చప్పుడు పెట్టేవాడు. గోడ బద్దలుకొట్టుకుని ఇంజను మీదికి వచ్చేస్తున్నట్టే ఉండేదట. ఇంత వెతికినా అక్కడ హృదయం నాకు కనబడలేదు. చీకటి కదా.

అసలైన హృదయం ఎలా ఉంటుందో చూడాలంటే అదే ఊళ్ళో కోమిస్కీ పార్క్ స్టేడియానికి రావాలి. 1979 జూలై 12. రేడియో వ్యాఖ్యాత స్టీవ్ డాల్ పిలుపు మేరకు, డిస్కో (హౌస్‌కు తల్లిలాంటి నృత్య సంగీతం) రికార్డు ఒకటి తెచ్చిన వాళ్ళకు టికెట్టు 98 సెంట్లే. రెండు బేస్‌బాల్ ఆటల మధ్య విరామంలో ఆ రికార్డులను పెట్టెలో పోసి పేల్చేశారు. మంచి సంగీతం మీద ప్రేమ కట్టలు తెంచుకుని వేలమంది మైదానంలోకి దూకారు, పచ్చిక పెకలించారు, మంటలు పెట్టారు. రెండో ఆట జరిగే వీలు లేక ఆతిథ్య జట్టు ఓడినట్టు ప్రకటించాల్సి వచ్చింది. ఎంత సున్నిత మనస్కులో చూడండి! ఆ రోజు స్టేడియంలో జనానికి సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఉన్నాడు. జనం తెచ్చిన వాటిలో డిస్కో కానివి, కేవలం నల్లజాతి వాళ్ళు పాడినవి కూడా ఉన్నాయని అతను గమనించాడు. జీతం డబ్బులు కూడబెడుతున్నది సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) కొనడానికట. 1984లో జెస్సీ సాండర్స్ పేరున వచ్చిన తొలి హౌస్ రికార్డు వెనుక ఈ కుర్రాడి చెయ్యి ఉంది. చూశారా, నేరస్థుడు జనం మధ్యలోనే తిరుగుతున్నాడు.

ఇక యంత్రం సంగతి. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టెను అమ్మకానికి పెట్టింది. బేస్ గిటార్ వాయించే మనిషి లేని లోటు తీర్చడం దాని పని. ఆ పని దానికి బొత్తిగా చేతకాలేదు. పాత సామాన్ల కొట్లకు చేరిన ఆ పెట్టె షికాగోలో ఫ్యూచర్ అనే బృందానికి దొరికింది. వాళ్ళు దాని నాబ్‌లను అటూ ఇటూ మెలితిప్పితే అది కుయ్యోమంది. ఆ కూతనే పాట చేసి తెస్తే మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రికార్డులు తిప్పే రాన్ హార్డీ ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడట. మొదటిసారి జనం చెదిరిపోయారు, నాలుగోసారికి పూనకం వచ్చినట్టు ఊగారు. (ఇదే పెట్టెతో 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలు వాయించి రికార్డు తెచ్చారు. అప్పట్లో పట్టించుకున్న వాళ్ళు లేరు గనుక ఆ సాక్షిని నేనూ పిలవడం లేదు.)

ఇక్కడే మా తాతగారు అడ్డు తగిలారు. మనిషి లేరు గానీ ఆయన హార్మోనియం పెట్టె అటక మీద ఉంది. 1940లో ఆలిండియా రేడియో ఆ వాద్యాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. పరదేశపు యంత్రం, గమకం పలకదు అన్నారు. అదే యంత్రం శ్రుతి ఇస్తుంటే కాటిసీను పద్యాలకు ఊళ్ళకు ఊళ్ళు తెల్లవార్లూ కూర్చుని ఏడ్చాయి, ‘వన్స్‌మోర్’ అని అరిచి మళ్ళీ ఏడ్చాయి. ఈ సాక్ష్యం ప్రాసిక్యూషన్‌కు అక్కరకు రాదు గనుక అటక తలుపు మూసేశాను.

చివరికి నన్ను ఆదుకున్నది బ్రిటిష్ పార్లమెంటు. పొలాల్లో రాత్రంతా సాగే రేవ్ పార్టీలను ఆపడానికి 1994లో చట్టం చేస్తూ, మళ్ళీ మళ్ళీ పడే దెబ్బల వరుసే ముఖ్యంగా ఉన్న శబ్దాలను కూడా సంగీతంలో చేర్చి నిర్వచించింది. ఆరుబయలు, రాత్రివేళ, మైకు, వందమంది జనం, చుట్టుపక్కల వాళ్ళకు తీవ్రమైన బాధ. ఇవి కుదిరితే పోలీసులు అందరినీ పంపించెయ్యవచ్చు. 2003లో ఆ వందను ఇరవైకి దించారు.

లక్షణాలన్నీ మరోసారి వరుసగా చదువుకున్నాక చెప్పులేసుకుని మా వీధి రామాలయానికి వెళ్ళాను. ఏకాహ భజనకు మైకు కడుతున్నారు. ఇంగ్లండ్‌లో ఎక్కడైనా పొలంలో కార్యక్రమం ఒప్పుకుంటే, తాళాల వాళ్ళతో కలిపి పంతొమ్మిది మందికి మించవద్దని చెప్పి వచ్చాను.