నడవడి సరిలేని ఒక గొంగళిపురుగు గురించి

శలభానికి మన కవులు ఒకే ఒక్క ఉద్యోగం ఇచ్చారు. దీపం కనబడగానే వచ్చి అందులో పడి చావడం. పని సులువు, అనుభవం అక్కర్లేదు, పింఛను బెడద అసలే లేదు. ఇన్ని వందల ఏళ్లలో ఏ శలభమూ ఈ ఏర్పాటు మీద ఫిర్యాదు చేసిన దాఖలా లేదు. పురుగుగా ఉన్నన్నాళ్లూ ఆకులు నమలడం, రెక్కలొచ్చాక ఎవరి ప్రేమకో ఉపమానమై మాడిపోవడం. ఇంత చక్కటి జీవితాన్ని కాదనే పురుగు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఉంది. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య, ఏ ఖండం ఒడ్డుకు చేరాలన్నా 3,500 కిలోమీటర్లకు పైగా ఈదవలసిన హవాయి దీవుల్లో, ఒవాహు దీవిలో ఉంది. 2025 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రిక దీని సంగతి బయటపెట్టింది. బయటపెట్టినవారు హవాయి విశ్వవిద్యాలయం మనోవా ప్రాంగణానికి చెందిన డేనియల్ రుబినాఫ్, ఆయన సహచరులు. వారు పెద్దమనుషులు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసి ఊరుకున్నారు. మంచి చెడ్డలు విచారించే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి గదా అని నేను తీసుకున్నాను.

ఈ పురుగు సాలెగూట్లో కాపురం ఉంటుంది. మామూలు పురుగు సాలెగూట్లో ఉందంటే దాని కథ ముగిసినట్టే, ఇది మాత్రం అక్కడే మొదలుపెడుతుంది. కుళ్లిన దుంగల్లో, చెట్టు తొర్రల్లో, రాతి పగుళ్లలో సాలీడు అల్లిన గూడు చూసుకుని దిగబడుతుంది. గూట్లో చిక్కుకుని చచ్చినవాటినీ, చావడానికి సిద్ధంగా ఉన్నవాటినీ తింటుంది. అడ్డంగా పట్టుదారం ఉంటే దాన్నీ కొరికి దారి చేసుకుంటుంది. ప్రపంచంలో శలభాలూ సీతాకోకచిలుకలూ కలిసి సుమారు 2,00,000 జాతులుంటే అందులో మాంసం ముట్టేవి వెయ్యికి ఒకటో రెండో. ఆ ఒకటీ రెండిట్లో కూడా ఇలా పరాయి వేటగాడి వంటింట్లో భోంచేసేది ఇంకొకటి లేదు.

తిని ఊరుకుంటే ఆకలి అని సరిపెట్టుకుందుము. మిగిలిన చీమ తలలు, ఈగ రెక్కలు, ముక్కుపురుగుల తలలు, పెంకుపురుగుల పొట్టలు ఏరి తెచ్చి చొక్కాకి కుట్టుకుంటుంది! చొక్కా అంటే అది తన పట్టుతో తానే అల్లుకుని, వీపున ఇల్లులా మోసుకు తిరిగే సంచీ. దొరికిందల్లా అతికిస్తుందనుకునేరు. ముక్కను దవడలతో పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి కొలుస్తుంది. పెద్దదైతే కొరికి సైజుకు తెస్తుంది. అప్పుడు దారంతో బిగిస్తుంది. ప్రయోగశాలలో వేరే చెత్తాచెదారం ఇచ్చి చూశారు, తాకలేదు. శవం ముక్కలు తప్ప ఇంకో గుడ్డ ఒంటికి పడదట. చిటికెనవేలి గోరు మీద సర్దుకునేంత ప్రాణికి ఇంత దర్జీ పట్టింపా అని విస్తుపోయాను.

ఈ వాక్యం రాస్తున్నప్పుడు నా ఒంటి మీద పట్టు చొక్కా ఉంది. పట్టు కూడా ఒక శలభం పురుగు అల్లుకున్న ఇల్లే, దాన్ని లోపలివారితో సహా మరిగించి దారం తీస్తారన్నది నాకు తెలియకపోలేదు. నడుముకు తోలు బెల్టుంది, కాళ్లకు తోలు చెప్పులున్నాయి, చలికని భుజాన గొర్రె బొచ్చు శాలువా ఉంది. కానీ నేను వీటిని దుకాణంలో డబ్బిచ్చి కొన్నాను. నాగరికతకూ అనాగరికతకూ మధ్య ఉన్న గీత రసీదు. ఆ పురుగు దగ్గర రసీదు లేదు.

పైగా సాలీడు. వేలెడు దూరంలో అలాంటి అద్దెకట్టని మనిషి ఇల్లంతా కలియదిరుగుతుంటే అది ఏం చేస్తోందని మీరడగవచ్చు. ఏమీ చేయట్లేదు. ఈ పురుగును సాలీడు తిన్నట్టుగానీ, పట్టుదారంతో చుట్టి మూట కట్టినట్టుగానీ పరిశోధకులు ఒక్కసారీ చూడలేదు. తాను తిని పారేసిన ఎంగిలి, తానే విడిచిన పాత చర్మం కదులుతూ వస్తుంటే సాలీడు తన చెత్తబుట్టే కాబోలు అనుకుంటుందని ఊహ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు, ఎనిమిది కళ్ల సాలీడు మాత్రం ఏం పడుతుంది? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇన్నాళ్లూ మాటవరస అనుకున్నాను. ఇది లెక్కపెట్టి, కొలిచి, కుట్టుకుంటోంది.

బంధుప్రీతి సంగతి సరేసరి. రెంటిని ఒకచోట ఉంచితే ఒకటి రెండోదాన్ని తినేసింది. ఒక గూటికి ఒక్కటే పురుగు కనబడటానికి కారణం అదే.

ఇక పేరు. ఇంగ్లీషు పత్రికలు దీన్ని 'బోన్ కలెక్టర్' అంటున్నాయి, అనగా ఎముకలు ఏరుకునేది. నేను న్యాయం తప్పని మనిషిని కనుక ఇక్కడ మాత్రం పురుగు పక్షాన ఒక మాట చెప్పాలి. పురుగులకు ఎముకలు ఉండవు. పెంకులుంటాయి, రెక్కలుంటాయి, కాళ్లుంటాయి, కావలసినన్ని కాళ్లుంటాయి, ఎముక మాత్రం ఒక్కటి లేదు. ఆ చొక్కా ఇంచు ఇంచూ వెతికినా దొరకదు. అంటే చేసిన వంద నేరాలు వదిలేసి చేయని ఒక్క నేరంతో దీనికి పేరు పెట్టారు. 'పెంకులు ఏరుకునేది' అని నిజం రాస్తే ఎవరూ చదవరని వారి భయం. భయం సహేతుకమే, నేనూ చదివేవాణ్ని కాదు.

దీనికి పక్కదీవి ఉదాహరణ ఒకటుంది. కవాయి దీవిలో ఆకుపచ్చ శలభం ఒకటి ఉంది. టినోస్టోమా స్మరాగ్డిటిస్ అని 1899లో ఎడ్వర్డ్ మేరిక్ శాస్త్రీయంగా వర్ణించాడు. చూడముచ్చటైనది, ఎవరి శవమూ తొడుక్కోదు. మురిసిపోయి 'ఫాబ్యులస్ గ్రీన్ స్ఫింక్స్' అని రాచబిరుదు లాంటి పేరు పెట్టారు. అది ఆ బిరుదు తగిలించుకుని ఎటో వెళ్లిపోయింది. 1998కి ముందు నూరేళ్లలో మనుషుల చేతికి చిక్కినవి పట్టుమని ఇరవై లేవు. దాని పేరు మీరు ఇప్పుడే విన్నారు, సాయంత్రానికి మరిచిపోతారు. శవాల చొక్కా వేసుకున్నది మాత్రం ఈ రాత్రి మీ కలలోకి వస్తుంది. మంచివాళ్లకు రోజులు కావనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కనుక దీని వంశం కూడా వాకబు చేశాను. ఇంటిపేరు హైపోస్మోకోమా. హవాయిలో తప్ప ఇంకెక్కడా లేని కుదురు. వర్ణించినవే 350కి పైగా జాతులు, అన్నీ సంచీలు మోసేవే. ఒకడు చుట్ట ఆకారంలో, ఒకడు చాక్లెట్ కాగితం ఆకారంలో, ఎవరి అభిరుచి వారిది. కొన్ని నీళ్లలో మునిగీ బతుకుతాయి, బయట నేల మీదా బతుకుతాయి. 2005లో బయటపడిన ఒక చుట్టమైతే మరీ ఘనుడు. హైపోస్మోకోమా మొలస్కివోరా. విశ్రాంతిగా పడుకున్న నత్తను పట్టుదారాలతో ఆకుకు కట్టేసి, కదలకుండా చేసి, తన సంచీలోంచి దాని గుల్లలోకి చొరబడి భోంచేస్తుంది. నత్త పరిగెత్తి పారిపోతుందేమోనని కట్టేసే జాగ్రత్తను ఏమనాలో నాకు తెలియలేదు. ఆస్తి పోనీయడం ఇష్టంలేక ఖాళీ గుల్లల్ని కూడా సంచీకి తగిలించుకుంటుంది. ఇరుగుపొరుగు కూడా అంతంతమాత్రమే. యూపితీసియా అని వేరే కుటుంబం పురుగులున్నాయి. పుల్లలా నిటారుగా నిలబడి, ఈగ వచ్చి తోకకు తగిలిందా, రెప్పపాటులో వెనక్కి వంగి పట్టేస్తాయి. ఆకుల మీద బతకమని పంపిస్తే దీవి దీవంతా ఇలా తయారయింది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది వయసు. జన్యువులు చూసి లెక్కగట్టిన ప్రకారం ఈ శవాల చొక్కా శాఖ కనీసం 60 లక్షల ఏళ్ల నాడే వేరుపడింది. ఒవాహు దీవి సముద్రంలోంచి తల ఎత్తి మహా అయితే 30, 40 లక్షల ఏళ్లు. ఇప్పుడున్న పెద్ద దీవుల్లో ముసలిదైన కవాయికి 50 లక్షలు. అంటే కాపురం ముందు, స్థలం తర్వాత! ఇప్పుడు అరిగిపోయి నీళ్లలో కలిసిపోయిన పాత దీవుల మీద దీని పూర్వీకులు బతికి, అవి మునుగుతుంటే కొత్తవాటి మీదికి మారుతూ వచ్చారన్నమాట. ఇన్ని ఇళ్లు మారినా ఆ చొక్కా ఫ్యాషన్ మాత్రం మారలేదు.

మరి ఇంత పాత సంసారం ఇప్పుడెంత ఉందంటారా? ఒవాహులో పదిలక్షల దాకా మనుషులున్నారు. ఈ పురుగులు ఇరవై ఏళ్లకు పైగా వెతికితే 62 కనిపించాయి. ఏడాదికి మూడు. అవి కూడా వైయనాయ్ పర్వతాల్లో 15 చదరపు కిలోమీటర్ల అడవిలోనే. ఒక సాలెగూడు తర్వాత ఒక సాలెగూడు, దుంగ తర్వాత దుంగ తిరగేసుకుంటూ ఇరవై ఏళ్లు వెతికినవారి ఓపికకు నమస్కారం. నేను కళ్లజోడు కోసం ఇరవై నిమిషాలు వెతకలేను.

మిగతా దీవులన్నీ వదిలి ఆ 15 చదరపు కిలోమీటర్లలోనే ఎందుకు మిగిలింది అనే ప్రశ్నకు కొందరు మనవైపు వేలు చూపిస్తున్నారు. ఈ అపవాదును ఖండించడానికే నేను ఇంత దూరం వచ్చాను.

నిజమే, హవాయికి సొంత చీమ అంటూ ఒక్కటీ లేదు. చీమ లేకుండా ఆ దీవులు లక్షల ఏళ్లు ఎలా నెట్టుకొచ్చాయో తలచుకుంటే జాలేస్తుంది. మన ఓడల్లో, మన కుండీల్లో, మన సామాన్లలో తీసుకెళ్లి ఆ లోటు తీర్చాం. ఇప్పుడు 60 జాతుల దాకా ఉన్నాయి. అవి చిన్న పురుగుల్ని తినేస్తున్నాయంటే మేమేమైనా తినమని చెప్పామా?

కందిరీగల విషయం మరీ అన్యాయం. పంటల్ని తినే పురుగుల పీడ వదిలించడానికి పెద్దలు శ్రద్ధగా ఎంచి, దేశదేశాల నుంచి కందిరీగల్ని తెప్పించి వదిలారు. అవి గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి, పిల్లలు లోపలినుంచి తినుకుంటూ బయటికి వస్తాయి. ఇది శాస్త్రీయం, దీనికి ఎవరూ భయపడాల్సిన పనిలేదు. 2001లో అదే 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం కవాయి దీవి కొండల పైనున్న అలకాయి చిత్తడినేలకు వెళ్లింది. అక్కడ పంటలు లేవు, తోటలు లేవు, వానా బురదా తప్ప ఏమీ లేవు. అక్కడి స్థానిక శలభాల పురుగుల్ని తెచ్చి పెంచితే వాటి ఒంట్లోంచి వెలువడిన పరాన్నజీవుల్లో 83 శాతం మనం పనిగట్టుకుని వదిలినవే, 14 శాతం పిలవకుండా వచ్చినవి, ఆ నేలవి 3 శాతం. ఆ 83 శాతం కూడా 1945కి ముందు వదిలిన మూడు జాతుల సంతానం. అంటే వాటిని వదిలినవారు పదవీ విరమణ చేసి, కాలం చేసి, మనవలు కూడా ముసలివాళ్లయినా కందిరీగలు డ్యూటీ దిగలేదు. పొలం దాటి, కొండెక్కి, బురదలో దిగి పనిచేస్తున్నాయి. ఇంత చిత్తశుద్ధి గల ఉద్యోగుల్ని తెచ్చినందుకు మెచ్చుకోవలసింది పోయి నిందిస్తారా?

మేము చేసిన మేలు ఒక్కరైనా చెప్పరు. ఆ పురుగు కాపురముంటున్న గూళ్లు చూడండి. పరిశోధకులకు అది కనబడింది కనీసం నాలుగు జాతుల సాలీళ్ల గూళ్లలో. ఆ నాలుగిట్లో ఒక్కటీ హవాయిది కాదు, అన్నీ బయటినుంచి వచ్చినవే. వాటి రాకకు దారి వేసింది ఎవరు? ఆ గూళ్లే లేకపోతే ఈపాటికి దీని గతేమిటి? పాత ఇల్లు ఏమైందని అడగకుండా కొత్త ఇంటికి కృతజ్ఞత చెప్పడం మర్యాద.

అందుచేత నావి చిన్న కోరికలు. ఆ పురుగు శవాలు కుట్టుకోవడం మాని ఆకులు తినడం నేర్చుకోవాలి. రోజుకు కాసేపు దీపం దగ్గరికి వచ్చి సాధన చేయాలి. మనుషులు ఫొటోలు తీస్తున్నప్పుడు కాస్త ప్రసన్నంగా ఉండాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పంపించే ముందు, ఆ ఫొటోలు ఇంకోసారి పెద్దవి చేసి చూశాను, నేరానికి సాక్ష్యాలు ఒక్కొక్కటీ నమోదు చేద్దామని. ఈగ రెక్క. ముక్కుపురుగు తల. పక్కన చీమ తల.

ఆ దీవిలో చీమ పుట్టదు గదా. ఏ కాలంలోదో, ఏ ఓడలో, ఎవరి కుండీ మట్టిలో దిగిందో ఆ చీమ తాలూకు ముత్తవ్వ. ఈలోగా పురుగు గూట్లో మరో చీమ తల దొరకబుచ్చుకుని ఉంటుంది. దవడల మధ్య పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక అంచు కాస్త కొరికి, మళ్లీ కొలుస్తూ ఉంటుంది.