గుప్పెట్లోంచి జారిపోయిన బురద ఎక్కడికి పోతుంది?

విశాఖ ఆర్కే బీచ్‌కి పైపుతో ఇసుక కొడుతున్న రోజుల్లో ఒకసారి దగ్గరికెళ్లి చూశా. ఒడ్డుకి కాస్త దూరంలో సముద్రం అడుగు తోడే ఓడ, అదే డ్రెడ్జర్, అక్కడ్నుంచి లావుపాటి ఇనప పైపు, పైపు మూతిలోంచి నల్లటి నీళ్లు దబదబా పడుతున్నాయి, చుట్టూ కొంగలు మూగి ఏవో ఏరుకుంటున్నాయి. ఇసుక పడ్డచోటే నిలబడుతోంది, నీళ్లు మాత్రం కాలవ కట్టి మళ్లీ సముద్రంలోకే పోతున్నాయి. నేనొక గుప్పెడు తీసి పిండి చూశా. ఇసుక చేతిలో ఉండిపోయింది, వేళ్ల సందుల్లోంచి బూడిదరంగు నీళ్లు కారాయి, కాసేపటికి అరిచేతి గీతల్లో మెత్తటి పొర ఒకటి ఎండి పట్టేసింది, గోరుతో గీకితే గానీ రాలేదు. సముద్రంలో ఇసుక తవ్వే ప్రతి ప్రాజెక్టులోనూ అసలు ప్రశ్న ఆ పొర గురించే, ఇసుక గురించి కాదు అని నాకు ఆ రోజు తట్టలేదు, మయామీలో జరిగింది చదివాకే తట్టింది.

ఫ్లోరిడా దగ్గర సముద్రంలో దాదాపు 350 మైళ్ల పొడవున పగడపు దిబ్బలున్నాయి, డ్రై టార్టుగాస్ నుంచి సెయింట్ లూసీ ఇన్‌లెట్ దాకా. అమెరికా ప్రధాన భూభాగానికి ఉన్న బతికున్న బారియర్ రీఫ్, అంటే తీరానికి అడ్డుగోడలా ఉండే పగడపు దిబ్బ, అదొక్కటే. మయామీ పోర్టులోకి ఓడలు వెళ్లే దారి ఆ దిబ్బల్ని కోసుకుంటూ పోతుంది. పనామా కాలువని వెడల్పు చేస్తున్నారు, పెద్ద ఓడలొస్తాయి, వాటికి 50 అడుగుల లోతు కావాలి అని 2013 నవంబర్‌లో అక్కడ డ్రెడ్జింగ్ మొదలుపెట్టారు, 2015 మార్చి దాకా నడిచింది. పర్యావరణ అధ్యయనం చెయ్యలేదా అంటే చేశారు, లావుపాటి రిపోర్టులు, ఫెడరల్ చేపల శాఖ అభిప్రాయం, రాష్ట్రం పర్మిట్, అన్నీ ఉన్నాయి. అందుకే ఈ కేసు నాకు ముఖ్యం. రివ్యూ లేకుండా దొంగతనంగా చేసిన పని అయితే రివ్యూ పెట్టండి అని అడిగి ఊరుకునేవాళ్లం, ఇక్కడ రివ్యూ జరిగాక కూడా దిబ్బ మునిగింది.

ఎలా మునిగిందో చూడాలి. ఆ అడుగున మెత్తటి ఇసుక లేదు, సున్నపురాయి ఉంది. దాన్ని కట్టర్ మెషిన్‌తో కొరికితే ముక్కలతో పాటు పిండి కూడా వస్తుంది, మిల్లులో గింజ పడితే పిండి రేగినట్టు. ఆ ముక్కల్ని బార్జ్‌ల్లో నింపేటప్పుడు పైనించి పొర్లే నీళ్లలో ఆ పిండంతా కలిసి పోతుంది. నీళ్లు తెల్లగా మారతాయి, ప్రవాహం ఎటుంటే అటు సాగుతుంది, నిదానించిన చోట కిందికి దిగుతుంది. పగడం చెట్టులా కనిపించినా చిన్న చిన్న జీవుల గుంపు, నోటితో తినాలి, లోపల ఉండే నాచుకి ఎండ తగలాలి. మీద దుమ్ము పడితే జిగట స్రవించి తోసేసుకుంటుంది, రోజుకోసారి పడితే తట్టుకుంటుంది, గంటగంటకీ పడుతుంటే ఆ జిగట చేసుకోవడానికే ఒంట్లో శక్తంతా అయిపోతుంది. ముందు అడుగుభాగం కప్పబడి చచ్చిపోతుంది, చుట్టూ తెల్లటి వలయం పడుతుంది, తర్వాత మెల్లగా పైకి.

ఇక దాన్ని కాపలా కాయడానికి పెట్టుకున్న కొలత ఏంటో చూడండి. ఫ్లోరిడా రూల్ ప్రకారం డ్రెడ్జింగ్ చేసేచోట నీటి మసక మామూలు కన్నా 29 యూనిట్లు దాటకూడదు, అది కూడా పనిచేసే చోట కాదు, 150 మీటర్ల దాకా ఒక జోన్ ఇస్తారు, ఆ జోన్ అంచున దాటకూడదు. వినడానికి బానే ఉంటుంది. కానీ ఆ మీటర్ కొలిచేది ఆ నిమిషంలో నీళ్లెంత మసగ్గా ఉన్నాయో అంతే, కిందికి దిగిపోయిన బురదని అది కొలవలేదు. నీళ్లు తేరుకున్నాయి అంటే బురద పోయిందని కాదు, పగడం మీద కూచుందని. ఇంట్లో మట్టినీళ్లు బిందెలో పట్టి పొద్దున చూస్తే పైన తేటగా ఉంటాయి, అడుగున వేలుపెడితే తెలుస్తుంది. మీటరేమో పైనే చూసి పాస్ చేస్తోంది.

2014 జులైలో రాష్ట్రం డైవర్లు దిగి చూశారు, బురద దొరికింది, ఆగస్టులో వార్నింగ్ నోటీస్ ఇచ్చారు. పని ఆగలేదు. స్థానిక పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్లాయి, అక్టోబర్‌లో జింక కొమ్ముల్లా కొమ్మలేసే స్టాగ్‌హార్న్ పగడాల్ని 200కి పైగా హడావుడిగా పీకి వేరేచోటికి మార్చారు. నోటీస్ ఇచ్చాక కూడా ఇంకో ఏడు నెలలు డ్రెడ్జర్లు తిరిగాయి. నాకు ఈ ఏడు నెలలే మింగుడుపడదు. తప్పు తెలియకపోతే ఒక రకం, తెలిశాక ఆపే బ్రేక్ ఎవరి చేతిలోనూ లేకపోవడం ఇంకో రకం.

తర్వాత వాదన మొదలైంది, పగడాలు చచ్చింది బురద వల్లా, జబ్బు వల్లా అని. 2014లోనే మయామీ దగ్గర పగడాలకి కొత్త జబ్బొకటి పుట్టింది, కండ ఊడిపోయే జబ్బు, ఆ ఏడాది వేడికి బ్లీచింగ్ కూడా వచ్చింది, అంటే లోపలి నాచు పోయి పగడం తెల్లబడింది, కాబట్టి పని చేయించిన ఆర్మీ ఇంజనీర్లు చావుల్ని వాటి ఖాతాలో వేశారు. పూర్తిగా అబద్ధమని నేను అనను, జబ్బు నిజమే. కానీ 2019లో వచ్చిన ఒక అధ్యయనం జబ్బుకి తొందరగా లొంగే జాతుల్నీ లొంగని వాటినీ విడదీసి చూసింది, జబ్బు పెద్దగా తగలని జాతులు కూడా ఓడలు వెళ్లే ఆ కాలవ దగ్గరే ఎక్కువ చచ్చాయి, దూరం పోయేకొద్దీ తగ్గాయి. కాలవకి 500 మీటర్ల లోపే అయిదు లక్షలకి పైగా పగడాలు పోయాయని లెక్క తేల్చారు, ప్రభావం 5 నుంచి 10 కిలోమీటర్ల దాకా పోయి ఉండొచ్చన్నారు. అంతకుముందు శాటిలైట్ ఫొటోలు చూసినవాళ్లు తెల్లనీళ్ల మేర 127 నుంచి 228 చదరపు కిలోమీటర్లు అని చెప్పారు, డ్రెడ్జింగ్ ముందు ఎప్పుడైనా కనిపించే మసక 18 నుంచి 46 మాత్రమే. రూల్లో ఉన్నదేమో 150 మీటర్లు.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. పగడాలు మామూలుగా ఎంత చస్తాయో, డ్రెడ్జింగ్ వల్ల ఎంత చచ్చాయో తేల్చడానికి దూరంగా కొన్ని చోట్లు పెట్టుకుంటారు, పోల్చి చూడ్డానికి. ఆ తెల్లనీళ్లు అక్కడికి కూడా వెళ్లాయి. అంటే జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన నిలబెట్టి ‘వీడు బానే ఉన్నాడు’ అని చూపించాల్సిన పిల్లాడికి కూడా జ్వరమే, ఇద్దరికీ తేడా లేదు కాబట్టి జ్వరమే లేదని రాసేసినట్టు. పైగా దిబ్బని చూసి రిపోర్ట్ రాసే కన్సల్టెంట్‌కి డబ్బులిచ్చేది డ్రెడ్జింగ్ చేసే కంపెనీయే. ఆ మనిషి నిజాయితీని నేను ప్రశ్నించట్లేదు, ఆ ఏర్పాటునే తప్పంటున్నా. మన దగ్గరా అంతే కదా, ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్ట్ రాసే ఏజెన్సీని పెట్టుకునేదీ జీతమిచ్చేదీ ప్రాజెక్ట్ కట్టేవాళ్లే.

ఇది పోర్టు కథ, బీచ్‌లకేం సంబంధం అంటారేమో. మయామీ బీచ్‌లో మనవాళ్లు ఎంతమంది ఫొటోలు దిగారో, ఆ ఇసుక 1970ల చివర్లో సముద్రం అడుగునించి తోడి పోసిందే. తీరం దగ్గర తవ్వుకోదగ్గ ఇసుక తవ్వీ తవ్వీ అయిపోవచ్చింది, ఈ మధ్య లోపలి ఊళ్లలోని గనుల్నించి లారీల్లో తెచ్చి పోస్తున్నారు. ఎందుకంటే మిగిలిన ఇసుక దిబ్బల మధ్య సందుల్లో ఉంది. బీచ్ పనిలో ప్రమాదం రెండు చోట్ల, తవ్వేచోట రేగే బురద ఒకటి, పోసినచోట ఇసుక జారి ఒడ్డు దగ్గరి రాళ్లని కప్పేయడం ఇంకొకటి. పామ్ బీచ్‌లో అదే గొడవ అయింది. ఆ రాళ్ల మీద గొట్టాల పురుగులు కట్టిన గూళ్లుంటాయి, నాచుంటుంది, పచ్చ తాబేళ్ల పిల్లలు అక్కడే మేస్తాయి. రీచ్ 8 అనే ముక్కకి ఇసుక పోస్తామంటే సర్ఫింగ్ చేసేవాళ్లూ చేపలు పట్టేవాళ్లూ కలిసి అడ్డం తిరిగారు, విచారించిన జడ్జి పర్మిట్ ఇవ్వద్దన్నారు, 2009లో రాష్ట్రం నిరాకరించింది. రివ్యూ పనిచేసిన కేసది. ఎందుకు పనిచేసిందంటే పని మొదలవ్వకముందే, సాక్షుల్ని నిలబెట్టి, ఎదుటివాళ్ల లెక్కల్ని అడ్డంగా ప్రశ్నించే వీలు జనానికి దొరికింది కాబట్టి.

నిజం చెప్పాలంటే బీచ్‌కి ఇసుక పోయడాన్ని నేను వ్యతిరేకించను. విశాఖకి వేరే దారి లేదు కూడా. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఔటర్ హార్బర్ గోడలు దాన్ని అడ్డుకున్నాయి, అవతల మేట, ఇవతల కోత. ఆగిపోయిన ఇసుకని తోడి ఇవతల పోయడం అంటే గోడ లాక్కున్నదాన్ని తిరిగివ్వడమే. 2014లో హుద్‌హుద్ తర్వాత కురుసుర సబ్‌మెరైన్ వైపు నడిచినవాళ్లకి ఆ కోత ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఉప్పాడలో ఇళ్లు పోయినవాళ్లకి అసలే చెప్పక్కర్లేదు.

కానీ జాలారిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక తాతని ఇసుక కొట్టాక ఏమైనా తేడా ఉందా అని అడిగితే ఆయన తలెత్తకుండా, ‘ఏటి బాబూ, రాయిమీద ఒండ్రు కూకుంటే చేప ఆ రాయినొగ్గేసి పోద్ది, మళ్లీ తేటపడేదాకా రాదు’ అన్నాడు. ఎన్నాళ్లకి తేటపడుద్ది తాతా అంటే ‘అది గాలిని బట్టి’ అన్నాడు. ఆయన రెండు ముక్కల్లో చెప్పింది 29 యూనిట్ల రూల్లో లేదు. ఎంత ఇసుక పోశారు, ఎన్ని కోట్లయింది అనేది పేపర్లో వస్తుంది, నీళ్ల కింద రాళ్లు ముందెలా ఉన్నాయి, తర్వాతెలా ఉన్నాయి అనేది నేను చదివిన వార్తల్లో ఒక్కసారి కూడా కనబడలేదు.

మన చట్టంలో కూడా ఒక సందుంది. 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద కొత్తగా లోతు చేసే డ్రెడ్జింగ్‌కి పర్యావరణ అనుమతి కావాలి, ఏటా పూడిక తీసే మెయింటెనెన్స్ డ్రెడ్జింగ్ మొదటి అనుమతిలో భాగమై ఉంటే మళ్లీ అక్కర్లేదు. ఒక్కొక్కటీ చిన్న పనే, నిజమే. కానీ అదే చోట ఏటేటా తవ్వి, అదే చోట ఏటేటా పోస్తే ఇరవై ఏళ్లకి అది చిన్న పని అవుతుందా? ఫ్లోరిడా బీచ్‌లకీ ఇదే జబ్బు, కొన్నేళ్లకోసారి ఇసుక పోస్తూనే ఉంటారు, ప్రతిసారీ ఫైలు కొత్తది, ప్రభావం స్వల్పం అని రాస్తారు, కిందటిసారి పడ్డ పొర మీద ఈసారి పొర పడుతుందని ఏ ఫైలూ గుర్తుపెట్టుకోదు.

ఇప్పుడు అమెరికాలో రివ్యూలే సన్నబడుతున్నాయి. ప్రభుత్వ పనులకి ముందు పర్యావరణ ప్రభావం చూడాలని 1970 జనవరి 1న వచ్చిన నీపా చట్టం కింద ఇన్నాళ్లూ రిపోర్ట్ సరిగ్గా లేదని కోర్టులో నిలదీసే వీలుండేది, 2025 మేలో యూటా రైల్వే లైన్ కేసులో సుప్రీంకోర్టు ఏం పరిశీలించాలో, ఎంత దూరం పరిశీలించాలో ప్రభుత్వ సంస్థలే తేల్చుకుంటాయి, కోర్టులు వాటి మాటకి గట్టిగా విలువివ్వాలి అంది. ఆలస్యాలు తగ్గుతాయని సంతోషించేవాళ్లున్నారు, కొన్ని ప్రాజెక్టులు అనవసరంగా ఏళ్ల తరబడి నలిగాయన్నదీ నిజమే. కానీ ఎంత దూరం చూడాలి అన్న ప్రశ్నలోనే మయామీ పగడాలు పోయాయి కదా. ఆ గీత ఎక్కడ గీయాలో తవ్వేవాళ్లకే వదిలేస్తే వాళ్లు దగ్గర్లోనే గీస్తారు.

మయామీకి ఉత్తరాన ఫోర్ట్ లాడర్‌డేల్‌లో పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ ఉంది, దాన్నీ లోతు చెయ్యాలని ప్లాను. మయామీ అనుభవం చూపించి 2016లో కేసు వేస్తే ఇంజనీర్లు అధ్యయనం మళ్లీ చేస్తామని ఒప్పుకున్నారు. ఈలోపు 2023 ఎండాకాలం సముద్రం ఉడికిపోయింది. ఫ్లోరిడా కీస్‌లోనూ డ్రై టార్టుగాస్‌లోనూ స్టాగ్‌హార్న్, ఎల్క్‌హార్న్ పగడాలు 98 నుంచి 100 శాతం చచ్చిపోయాయి, ఆగ్నేయ ఫ్లోరిడాలో మాత్రం పోయింది 38 శాతమే, అక్కడ నీళ్లు కాస్త చల్లగా ఉన్నాయి. అంటే మిగిలినవి ఎక్కువగా ఉన్నది మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ ముందే, డ్రెడ్జర్లు రావాలనుకుంటున్న చోటే. మయామీ కేసు సెటిల్‌మెంట్‌లో 10,000 స్టాగ్‌హార్న్ పగడాలు నాటాలని 2018లో ఒప్పుకున్నారు, అయిదు లక్షలు పోయినచోట. ఇప్పుడు నాటాలంటే ఆ వేడికి తట్టుకుని బతికిన కొమ్మల్నించే ముక్కలు తీసుకోవాలి.

విశాఖలో ఈసారి పైపు వేసేముందు ఇద్దరు డైవర్లని రాళ్ల దగ్గరికి దింపి ఫొటోలు తీయించాలి, పనయ్యాక నెలకీ ఆర్నెల్లకీ అవే రాళ్లని అదే కోణంలో మళ్లీ తీయించాలి. డబ్బు ఎవరైనా ఇవ్వనీ, ఆ డైవర్లని ఎంచుకునేది మాత్రం ఇసుక కొట్టేవాళ్లు కాకూడదు, రాయి మీద ఒండ్రు ఇన్ని మిల్లీమీటర్లు దాటితే ఆ రోజే పైపు ఆపేయాలి అని కాంట్రాక్ట్‌లోనే రాయాలి. ఆ ఫొటోలు జాలారిపేటలో ఆ తాతకి చూపిస్తే ఏ రాయి తేటపడిందో ఏది పడలేదో ఆయన చెప్తాడు.