వచ్చిన దారి చెప్పని లెక్క

అమెరికా విదేశాంగ శాఖ 2026 జనవరి 21 నుంచి 75 దేశాల వారికి ఇమ్మిగ్రెంట్ (వచ్చి స్థిరపడేందుకు ఇచ్చే) వీసాలు ఆపేసింది. జాబితాలో మొదటి పేరు అఫ్గానిస్థాన్. ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఆ దరిదాపుల్లోనే ఉండాల్సిన అర్జెంటీనా మాత్రం ఎక్కడా కనిపించదు. పక్కనున్న బ్రెజిల్ ఉంది. నదికి అవతలి ఒడ్డున, అర్జెంటీనా కంటే తలసరి ఆదాయం ఎక్కువున్న ఉరుగ్వే కూడా ఉంది. అన్నిటికంటే వింత, కువైట్ ఉంది. కడప, రాజంపేట పల్లెల నుంచి మన ఆడవాళ్లు వంటపనికి, మగవాళ్లు డ్రైవర్ పనికి వెళ్లే కువైట్! అక్కడి షేకులు అమెరికా వెళ్లి ఫుడ్ స్టాంపుల (పేదలకిచ్చే ఆహార సాయం) కోసం క్యూ కడతారని వాషింగ్టన్‌కు భయం కాబోలు.

చెప్పిన కారణం ‘పబ్లిక్ చార్జ్’. అంటే, ఈ దేశాల నుంచి వచ్చి స్థిరపడేవారు అమెరికా పన్ను చెల్లింపుదారుల నెత్తిన కూర్చుంటారట. ఇది ప్రకటించడానికి పది రోజుల ముందే, జనవరి 4న, అధ్యక్షుడు ట్రంప్ సోషల్ మీడియాలో ఒక పట్టిక పెట్టారు. ఏ దేశం నుంచి వచ్చిన కుటుంబాల్లో ఎంత శాతం ప్రభుత్వ సాయం తీసుకుంటున్నాయో చెప్పే పట్టిక అది. 81.4 శాతంతో భూటాన్ అగ్రస్థానంలో ఉంది. అఫ్గానిస్థాన్ మొదటి పదిలో ఉంది. భారత్ పేరు లేదు. ఇక మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే పండగ.

ప్రజల సొమ్ము ఎవరికి పోతోందో చూసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, కాదనం. 2025 నవంబరు 26న వాషింగ్టన్‌లో ఇద్దరు నేషనల్ గార్డ్ సైనికులపై ఒక అఫ్గాన్ జాతీయుడు కాల్పులు జరిపాడన్న ఘటన తర్వాత అక్కడి జనంలో భయం ఉందంటే అదీ అర్థమవుతుంది. కానీ ఆ పట్టికలో ఒక కాలమ్ లేదు. ఎవరు ఏ దారిన వచ్చారన్న కాలమ్. అది లేకుండా వేసిన లెక్క లెక్కే కాదు.

భూటాన్‌నే తీసుకోండి. అమెరికాలో ఉన్న భూటానీయుల్లో అత్యధికులు రాజుగారి ఆనందాల దేశం నుంచి సూట్‌కేసుతో విమానం ఎక్కినవాళ్లు కారు. 1990ల మొదట్లో భూటాన్ వెళ్లగొట్టిన నేపాలీ భాషీయులు. తూర్పు నేపాల్ శిబిరాల్లో, వెదురు గుడిసెల్లో పదిహేనేళ్లకు పైగా మగ్గాక, 2008 నుంచి వారిని అమెరికాయే పిలిచి చోటిచ్చింది. అలాంటి మనిషి తొలి ఏళ్లలో ప్రభుత్వ సాయం తీసుకోకపోతేనే ఆశ్చర్యం. అది భూటాన్ గుణం కాదు, గుడిసెలో గడిచిన పదిహేనేళ్ల గుణం.

అర్జెంటీనా, అఫ్గాన్ కుటుంబాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. అమెరికాలో ఉన్న అర్జెంటీనీయులు సగటున బాగా చదువుకున్నవారు. లాటిన్ అమెరికా మూలాలున్న సమూహాల్లో ఇంటి ఆదాయం ఎక్కువున్న వారిలో ముందు వరుస వారిదే. 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక నియంతృత్వాన్ని తప్పించుకుని వెళ్లిన డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఇంజినీర్లు ఒక దఫా. ఆ తర్వాత వ్యాపారులు, ఉద్యోగ వీసాలవాళ్లు. పెసో ఎప్పుడు కుప్పకూలుతుందో తెలియదు కాబట్టి దేశంలో ఉన్నప్పుడే డాలర్లు దాచుకునే అలవాటు మధ్యతరగతికి తాతల నాటి నుంచి ఉంది. తాతలు ఇటలీ, స్పెయిన్ల నుంచి వచ్చినవారు గనక చాలామంది చేతిలో యూరప్ పాస్‌పోర్టు కూడా ఉంటుంది. ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది. మయామీ బీచ్ ఉత్తర భాగాన్ని ‘లిటిల్ బ్యూనస్ ఎయిరీస్’ అంటారు. ఎంపనాడాల బేకరీలు, మాటే టీ తాగే సొరబుర్రలు, మెస్సీ పింక్ జెర్సీలు అక్కడ మామూలు దృశ్యం.

అఫ్గాన్ కుటుంబం సంగతి చూడండి. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. ఆ తర్వాతి నెలల్లో 76 వేల మందికి పైగా అఫ్గాన్లను అమెరికా తన గడ్డకు తెచ్చుకుంది. ఎవరు వీళ్లు? చాలామంది ఇరవై ఏళ్ల యుద్ధంలో అమెరికా సైన్యానికి దుబాసీలు, డ్రైవర్లు, గార్డులు, ఆఫీసు ఉద్యోగులు, వారి భార్యాబిడ్డలు. చంకలో ఒక ఫైలు. అందులో అమెరికన్ అధికారులు రాసిచ్చిన సిఫారసు లేఖలు, ‘ఇతను మా ప్రాణాలు కాపాడాడు’ తరహా ప్రశంసా పత్రాలు. కాబూల్లో తాలిబన్ కంటపడితే ప్రాణం తీసే కాగితాలు. అమెరికా వీసా ఆఫీసరుకు చూపించకపోతే వీసా రాని కాగితాలూ అవే. ఇల్లు, దుకాణం, బ్యాంకు డబ్బు, డిగ్రీ సర్టిఫికెట్లు వదిలేసి ఆ ఫైలుతో వచ్చినవాళ్లున్నారు.

అక్కడికి చేరాక దొరికిందేమిటి? పునరావాస సంస్థ ఒక అద్దె ఇల్లు చూపించింది. అందులో ఏమేం ఉండాలో నిబంధనల్లో రాసి ఉండేది: మనిషికి ఒక ప్లేటు, ఒక గిన్నె, ఒక కప్పు, ఒక చెంచా. పడుకోవడానికి పరుపు. దిగిన రోజు తినడానికి సిద్ధంగా ఉన్న భోజనం. మూడు నెలల ఖర్చుకు మనిషికి రెండు వేల డాలర్ల పైచిలుకు కేటాయింపు, అందులో దాదాపు సగం సంస్థ నిర్వహణకే. కాబూల్లో సర్జరీలు చేసిన డాక్టరైనా సరే, అమెరికా లైసెన్సు వచ్చేదాకా ట్యాక్సీ తోలాల్సిందే, గోదాములో పెట్టెలు మోయాల్సిందే. ఇంట్లో నలుగురైదుగురు పిల్లలు, ఇంగ్లిష్ రాని భార్య, ఒక్కడి సంపాదన. శాక్రమెంటోలోనో వర్జీనియాలోనో ఆ జీతం అద్దెకే సరిపోదు. పేదరికం అమెరికా సగటుకు దాదాపు మూడింతలు ఉందంటే ఉండదా మరి?

ఇంకో విషయం చాలామందికి తెలియదు. శరణార్థిగా అమెరికా వచ్చినవాళ్లలో చాలామందికి విమానం టికెట్ ఉచితం కాలేదు. అది అప్పు. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి, దిగిన ఆరు నెలల నుంచి వాయిదాలు కట్టేవారు. ‘భారం’ అని ముద్ర వేయించుకున్న మనిషి తను వచ్చిన విమానం బాకీ తీరుస్తుంటాడు.

బాకీల మాట వచ్చింది కాబట్టి అర్జెంటీనా ప్రభుత్వం సంగతీ చెప్పుకోవాలి. తొమ్మిదిసార్లు అప్పు ఎగ్గొట్టిన దేశం అది. ఐఎంఎఫ్‌కు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బాకీ ఉన్న దేశం. 2025 అక్టోబరులో పెసో జారిపోతుంటే, అక్కడి ఎన్నికల ముందు, అమెరికా ట్రెజరీ 2000 కోట్ల డాలర్ల స్వాప్ లైన్ (కరెన్సీ మార్పిడి సదుపాయం) ఇచ్చి నిలబెట్టింది. అర్జెంటీనా అధ్యక్షుడు మిలే ట్రంప్‌కు ఇష్టుడు. వాడుకున్నంత తిరిగి కట్టేశారని వాషింగ్టన్ చెబుతోంది, సంతోషం. విమానం టికెట్ బాకీ ఉన్న శరణార్థి కూడా కడుతూనే ఉన్నాడు కదా! ఒకరికి ఇస్తే స్నేహ హస్తం, ఇంకొకరికి ఇస్తే తేరగా తినడం. ఇదెక్కడి తూకం?

అర్జెంటీనా ప్రజల మీద మాకేం అక్కసు లేదు. 2025 డిసెంబరులో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే హైదరాబాద్ ఎంత ఊగిపోయిందో చూశాం. సన్‌రైజర్స్ జెర్సీలో రషీద్ ఖాన్ వికెట్ తీసినప్పుడు ఊగిందీ ఇదే నగరం. మా అభ్యంతరం లెక్క మీద. అర్జెంటీనీయులు పుట్టుకతోనే కష్టజీవులనీ, అఫ్గాన్లు పుట్టుకతోనే సోమరులనీ ఆ పట్టిక చూసి అనుకునేవాళ్లకు 2001 గుర్తు చేయాలి. ఆ డిసెంబరులో అర్జెంటీనా బ్యాంకులు ఖాతాలు బిగించేశాయి. సొంత డబ్బే వారానికి 250 పెసోలకు మించి తీసుకోనివ్వలేదు. అప్పటికి ఆ దేశస్తులకు వీసా లేకుండా అమెరికా వెళ్లే సదుపాయం ఉంది. బతుకుతెరువు కోసం విమానమెక్కిన వాళ్లలో చాలామంది గడువు దాటినా వెనక్కి రాలేదు. అమెరికా ఏం చేసింది? 2002 ఫిబ్రవరిలో ఆ సదుపాయం పీకేసింది. ఇప్పుడు, వీసా గడువు మీరేవాళ్లు లాటిన్ అమెరికాలోకెల్లా తక్కువని మెచ్చుకుంటూ, 2025 జులైలో అదే సదుపాయం మళ్లీ ఇచ్చేందుకు సంతకాలు చేసింది. జనం వాళ్లే. దేశం అదే. మారింది జేబు. దివాలా తీసినప్పుడు వచ్చినవాడు చొరబాటుదారు, డాలర్లతో వచ్చినవాడు అతిథి.

అంటే సగటు ఆదాయం జాతి స్వభావాన్ని చెప్పదు. ఏ తలుపు దగ్గర ఎవరిని ఆపి ఎవరిని రానిచ్చారో చెబుతుంది, అంతే. కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకునే లెక్కల్లో ఇంకో మాయ ఉంది. తల్లిదండ్రులు వలసవచ్చినవారైతే చాలు, అమెరికాలోనే పుట్టి అమెరికా పౌరుడైన పిల్లాడికి అందే వైద్య సాయాన్ని కూడా వలస కుటుంబం ఖాతాలో రాసేస్తారు.

అన్నిటికంటే మండేది ఇక్కడ. శరణార్థులకు, ఆశ్రయం పొందినవారికి, ప్రత్యేక ఇమ్మిగ్రెంట్ వీసాపై వచ్చే అఫ్గాన్లకు పబ్లిక్ చార్జ్ నిబంధన వర్తించదని అమెరికా చట్టమే చెబుతోంది. వీళ్లు సున్నా నుంచి మొదలుపెడతారని చట్టం రాసినవాళ్లకు తెలుసు గనకే ఆ మినహాయింపు పెట్టారు. సాయం తీసుకోమని చెప్పిందీ వాళ్లే, తీసుకున్నందుకు పట్టికలో ఎక్కించిందీ వాళ్లే. 2025 మే నెలలో అఫ్గాన్ల తాత్కాలిక రక్షణ హోదా రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు, అఫ్గానిస్థాన్‌లో పరిస్థితులు మెరుగుపడ్డాయట. ఆరో తరగతి దాటితే ఆడపిల్లకు బడి లేని దేశంలో! జూన్‌లో ప్రయాణ నిషేధం. జులైలో కొత్త చట్టంతో శరణార్థులకు, పెరోల్‌పై (వీసా లేకుండా తాత్కాలిక అనుమతితో) వచ్చినవారికి ఆహార సాయానికి కోత. నవంబరు కాల్పుల తర్వాత అఫ్గాన్ల ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులన్నీ నిలిపివేత. కాగితాలు కదలనివ్వరు, కాగితాల్లేవంటారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఒక్కడు చేసిన ఘోరానికి ఆ ఒక్కడిని శిక్షించాలి. నిందితుడు అమెరికా నిఘా సంస్థ కోసం పనిచేసిన దళంలోనివాడే. పరీక్షించి తెచ్చుకున్నదీ, 2025 ఏప్రిల్‌లో ఆశ్రయం మంజూరు చేసిందీ అక్కడి ప్రభుత్వమే. ఆ వైఫల్యానికి జవాబు చెప్పాల్సినవాళ్లు దుబాసీల కుటుంబాల మీద పడ్డారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. రేపు ఇంకో దేశంలో అమెరికా సైన్యం దిగి స్థానికుల సాయం అడిగితే, ఏ దుబాసీ నమ్మి వెంట నడుస్తాడు?

ఇక మన సంగతి. ఆ పట్టికలో భారత్ లేదని ఛాతీ విరిచి ఫార్వర్డ్ చేస్తున్న మెసేజ్‌లు చూస్తే సిగ్గేస్తోంది. మనవాళ్లు తెలివైనవాళ్లే, కష్టపడేవాళ్లే. కానీ డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ తెలుగు ఇళ్ల ఆదాయం ఎక్కువుండటానికి మొదటి కారణం మనం ఏ తలుపులోంచి వెళ్లామన్నదే. ఇంజినీరింగ్ పాసై, జీఆర్‌ఈ రాసి, లక్షలు అప్పు చేసి ఫీజు కట్టి, లాటరీలో హెచ్1బీ తగిలినవాళ్లే అక్కడ మిగిలారు. వడపోసి తీసుకున్నాక మిగిలిన సగటు అది. మన రెండు రాష్ట్రాల్లో రేషన్ బియ్యం మీద ఇల్లు నడిచే కుటుంబాలను అలాగే విమానంలో దింపితే ఆ పట్టికలో మన పేరు ఏ వరుసలో ఉండేదో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

పైగా మినహాయింపు మనకు దక్కిందనుకోవడం ఒట్టి భ్రమ. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులను సైనిక విమానంలో, సంకెళ్లు వేసి అమృత్‌సర్‌లో దింపినప్పుడు మన సగటు ఆదాయం ఎవరూ అడగలేదు. సెప్టెంబరులో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడూ అడగలేదు. అప్పుడు సాకు సంక్షేమం కాదు, ఉద్యోగాలు. పేదగా వస్తే తినేస్తున్నారంటారు, చదువుకుని వస్తే ఉద్యోగాలు లాక్కుంటున్నారంటారు. దేశం పేరు చూసి మనిషిని తూచే పద్ధతికి ఇప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లు, అదే తక్కెడలో రేపు తమ పిల్లలు కూర్చుంటే ఏ మొహంతో అడుగుతారు? ఆ పట్టికను ఇంకో గ్రూపులోకి తోసే ముందు, అమెరికాలో ఉద్యోగం పోయి 60 రోజుల గడువులో కొత్త కంపెనీ వెతుక్కుంటున్న మీ బంధువుల అబ్బాయికి ఒక్కసారి ఫోన్ చేసి, టెన్షన్ ఎలా ఉందో కనుక్కోండి.