సినగాగులను ఎవరు ఖాళీ చేయించారట?

ఈ వారంలో ఇది ఐదోసారి. మొదట తెనాలిలో ఉండే కాలేజీ మిత్రుడు, తర్వాత మా బాబాయి, ఆ తర్వాత అపార్ట్‌మెంటు వాట్సాప్ బృందం, దాని వెనకే ఆఫీసు వాళ్లు, నిన్న రాత్రి మళ్లీ బాబాయే. “కేరళలో యూదుల గుళ్లు ఏమయ్యాయో తెలుసా?” అని మొదలై “పదిమందికి పంపండి” అని ముగిసే సందేశం. సినగాగ్ అంటే ఆ యూదుల గుడే. ఫోన్ చేసి ఇది తప్పు బాబాయ్ అంటే, “అందరూ పంపుతున్నారు కదరా” అన్నారు. అందుకే ఇలా రాయాల్సి వస్తోంది.

“దేశంలో ఉన్న ఏకైక సినగాగ్ కొచ్చిలో ఉంది, దాని వయసు రెండు వేల ఏళ్లు.” మట్టంచేరిలోని ఆ పరదేశి సినగాగ్ కట్టింది 1568లో. ఇక ఏకైక అన్న మాటంటారా, ముంబయి బైకుల్లాలో డేవిడ్ ససూన్ కట్టించినది ఉంది, ఫోర్టులో నీలిరంగుది ఉంది, పుణేలో ఊరివాళ్లు ఎర్రగుడి అనే ఓహెల్ డేవిడ్ ఉంది. అహ్మదాబాదులో ఉంది, ఢిల్లీలో ఉంది, కలకత్తాలో మూడున్నాయి. అంత దూరం ఎందుకు? మా తెనాలి మిత్రుడు బస్సెక్కితే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం వాళ్ల సినగాగ్ ఉంది. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే మాదిగ కుటుంబాలు కట్టుకున్నది. వాళ్లను యూదులుగా గుర్తించాలా వద్దా అన్నది వేరే చర్చ. పక్క ఊళ్లో ఉన్నదే కనబడని వాడికి కొచ్చి మీద ఇంత బెంగ ఎందుకో!

“అక్కడి నేల పలకల్లో ఏ రెండూ ఒకలా ఉండవు.” చైనాలో చేత్తో రంగులద్దిన పలకలు ఒకలా ఎలా ఉంటాయి? పదండి ముందుకు.

“హిందూ రాజులు యూదులను ఆదరించారు, వాళ్లకు ఇక్కడ ఏ వివక్షా లేదు.” మొదటి సగం నిజం. యూదుల పెద్ద జోసెఫ్ రబ్బాన్‌కు చేర రాజు భాస్కర రవివర్మ ఇచ్చిన రాగిరేకులు సుమారు క్రీ.శ. 1000 నాటివి, వాటిలో 72 హక్కులు రాసిచ్చాడు. పరదేశి సినగాగ్ కూడా కొచ్చి రాజు ప్యాలెస్‌ను ఆనుకునే ఉంది. రెండో సగం మాత్రం ఆ సినగాగు లోపలే అబద్ధమైపోతుంది. యూదుల ఇళ్లలోనే బానిసలుగా ఉండి విడుదలైన వాళ్ల సంతతిని, బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడిన ‘తెల్ల యూదులు’ తమతో సమానంగా కూర్చోనివ్వలేదు. దాని మీద లాయరు ఎ. బి. సేలం సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. ఆయన్ను యూదు గాంధీ అన్నది ఊరికే కాదు. మన నేల మీద స్థిరపడిన వాళ్లకు ఈ జబ్బు ఎంత తొందరగా అంటుకుంటుందో చూడండి.

ఇక అసలు విషం. “స్వాతంత్ర్యం వచ్చాక ముస్లింలు సినగాగులను ఆక్రమించి యూదులను తరిమేశారు.”

సరే, ఆక్రమణదారులను ఒక్కొక్కరిగా పట్టుకుందాం. పరవూరు సినగాగ్: ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టు కింద మ్యూజియం అయింది. చేందమంగళంలోదీ మ్యూజియమే. అక్కడ గుడి, చర్చి, మసీదు, సినగాగ్ నాలుగూ నడిచి తిరగగలిగినంత దగ్గరలో ఉంటాయి. మాళ సినగాగ్: వెళ్లిపోతూ యూదులే 1955లో పంచాయతీకి అప్పగించారు. ఎర్నాకుళం కడవుంభాగం సినగాగ్: దాని ముందుభాగంలో ఏళ్ల తరబడి అక్వేరియం చేపలూ మొక్కలూ అమ్మారు. అమ్మినాయన యూదుడు! మట్టంచేరి కడవుంభాగం సినగాగ్: లోపలి చెక్కపని జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి చేరింది, మిగిలిన కట్టడం కొబ్బరిపీచు గోదాముగా మారింది, 2019లో వానకు కూలింది. అక్కడి ఆక్రమణదారు పేరు వాన. దాని మతం కూడా తేల్చి పంపండి.

యూదులు ఎందుకు వెళ్లారంటే, వెళ్లాలనుకున్నారు కాబట్టి. రోజూ మూడుపూటలా ప్రార్థనలో ఏ నగరం పేరు తలుచుకున్నారో ఆ నేలకు 1950లలో కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరాయి. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో నెవాతిం అనే ఊరికి వెళితే ఇప్పటికీ కొచ్చి వాళ్లు, వాళ్ల సినగాగూ కనిపిస్తాయి. సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులుండాలి. ఊళ్లో తొమ్మిదిమందే మిగిలిన రోజున ఎవరూ తరమకుండానే ఆ ప్రార్థన ఆగిపోతుంది. కలకత్తాలో సినగాగుల తాళంచెవులు తరతరాలుగా ఎవరి చేతుల్లో ఉన్నాయనుకున్నారు? ముస్లిం కుటుంబాల చేతుల్లో. అక్కడి యూదు బాలికల పాఠశాలలో చదివేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం పిల్లలు. ఈ సంగతి పదిమందికి పంపరు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. కేరళ యూదుల మీద ముస్లింలు ఎన్నడూ దాడి చేయలేదని నేననను. 1524లో కొడుంగల్లూరులో చేశారు, యూదులు కొచ్చికి పారిపోయారు. ఆ సంగతి తన గ్రంథంలో రాసిపెట్టినవాడు షేక్ జైనుద్దీన్ మఖ్దూం, ఆయనా ముస్లిమే. తర్వాత 1662లో, డచ్చివాళ్లకు సాయం చేశారన్న కోపంతో పరదేశి సినగాగ్‌ను పాడుచేసినవాళ్లు పోర్చుగీసువాళ్లు. సందేశం రాసినాయన 1524ను పట్టుకుని ఉంటే నాకు జవాబు చెప్పడం కష్టమయ్యేది. చదివి ఉంటే కదా పట్టుకోవడానికి!

ఇంకొకటి కూడా. మట్టంచేరిలో ఆ సినగాగ్ కూలిన వార్త వచ్చినప్పుడు ఈ యూదు ప్రేమికులంతా ఎక్కడున్నారని బాబాయిని అడగబోయి ఆగిపోయాను. ఆ వార్త నేనూ చదివాను. చదివి, పేజీ తిప్పాను.