సర్వం గ్యాస్ మయం

ఆయాసం, గుండెదడ కలిసి వస్తే కారణం ఏమిటన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇంతవరకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయింది. నెల్లూరు ట్రంకు రోడ్డు టీ కొట్ల దగ్గర మాత్రం ఆ జవాబు ఎప్పుడో తేలిపోయింది: గ్యాస్. ఈసీజీకి ఒంటి మీద పది చోట్ల తీగలు తగిలించాలి. మనవాళ్లకు ముఖం చూస్తే చాలు.

ఈ సిద్ధాంతానికి అందని రోగం లేదు. చీమకుర్తి క్వారీలో ఏళ్ల తరబడి గ్రానైటు కోసిన మనిషి నాలుగు మెట్లకే రొప్పుతుంటే, రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందనీ, అవి మళ్లీ మెత్తబడవనీ డాక్టరు చెబుతాడు. అంత పొడుగు మాట ఎవరు వింటారు? నిన్నటి మిరపకాయ బజ్జీ మీద నేరం మోపితే క్వారీ యజమానికి ఇబ్బంది లేదు, బజ్జీ ఎలాగూ ఎదురు చెప్పదు.

అయితే గ్యాస్ మగవాళ్ల సొత్తు. ఆడవాళ్లకు కేటాయించిన జబ్బు వేరు: ‘ఆలోచన ఎక్కువ’. నీళ్ల బిందె దించి గడపలో కూలబడిన ఇల్లాలు గుండె దడదడలాడుతోందంటే, ‘ఊరికే ఏదో ఒకటి మనసులో పెట్టుకుంటావు’ అంటారు. స్త్రీలకు డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే, గర్భిణులకైతే 11కు (మధ్య మూడు నెలల్లో 10.5కు) తగ్గితే, రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రక్తం మోసే ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. పాపం, దానికి ఆలోచన ఎక్కడిది, ఉన్నదంతా చాకిరీయే. చేపల పులుసులో ముక్కలు మగవాళ్ల కంచాల్లోకి, అడుగున మిగిలిన పులుసు ఆమె కంచంలోకి చేరడానికీ ఈ దడకూ సంబంధం ఉందేమోనని అనుమానించడం కుటుంబ మర్యాద కాదు.

కడుపునిండా తింటూనే చిక్కిపోతూ, చేతులు వణుకుతూ, దడ వస్తే థైరాయిడ్ పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి, వస్తే గ్యాస్. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాడికి ఒక పిక్క వాచి, ఉన్నట్టుండి ఊపిరి అందకపోతే, కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందేమోనని డాక్టరు హడలిపోతాడు. టీ కొట్టు బల్ల మీది పెద్దలు హడలిపోరు. కూర్చుని కూర్చుని గ్యాస్ పట్టిందంటారు.

భయం వల్లా ఆందోళన వల్లా కూడా దడ, ఆయాసం వస్తాయి, కాదనను. మిగతావన్నీ పరీక్షించాక డాక్టరు ఆఖర్న చెప్పవలసిన ఆ మాటను మనవాళ్లు ముందే చెప్పి ఆయన శ్రమ తగ్గించారు.

ఇంకా తేలనిది ఒక్కటే: గోలీసోడాలో గూడూరు నిమ్మకాయ పిండాలా, ఉప్పు వేయాలా? ఛాతీ బిగిసి, ఎడమ చెయ్యి లాగుతూ, ఒళ్లంతా చెమటలు పట్టినవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి పెద్దలు దాని మీదే వాదిస్తుంటారు. ఈలోగా ఎవరో తొందరపాటు మనిషి 108కి ఫోను చేస్తాడు. అంబులెన్సు తలుపు మూసేముందు కొట్టు యజమాని మర్యాదగానే గుర్తు చేస్తాడు: రెండు సోడాల డబ్బులు రావాలని.