ఇంజిన్‌తో సెల్ఫీ సరే, టికెట్ల బీరువా దగ్గర ఎవరైనా ఆగారా?

నగర రవాణా చరిత్ర మ్యూజియం అని బోర్డు పెట్టి పాత బండ్ల షోరూమ్ నడుపుతున్నారండీ. మొన్న ఒకటి చూసొచ్చాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

గుర్రపు ట్రామ్, ఆవిరి ఇంజిన్, డబుల్ డెక్కర్ బస్సు, అన్నీ పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. ప్రతిదాని పక్కనా ఓ బోర్డు. ఎన్ని హార్స్‌పవర్, ఎంత బరువు, ఎవరి తయారీ, అన్నీ ఉన్నాయి. ఈ బండెక్కడానికి ఎంత ఇవ్వాలి? ఎవరిని ఎక్కనిచ్చేవారు? ఎవరు కాళ్ళీడ్చుకుంటూ నడిచిపోయేవారు? ఒక్క ముక్క లేదు. టికెట్లు, కండక్టర్ సంచి, పంచ్ మిషన్ మాత్రం టాయిలెట్లకు వెళ్ళే దారిలో ఓ అద్దాల బీరువాలో పడేశారు. లైటు కూడా సరిగ్గా లేదు. నన్నడిగితే ఆ బీరువాయే అసలు మ్యూజియం. మిగతా హాలంతా దానికి వేసిన సెట్టింగ్.

లెక్కల్లోనూ సైన్సులోనూ పేరు వినే పాస్కల్ ఉన్నాడే, 1662లో పారిస్‌లో ఆయన ఆలోచనతోనే ఫలానా దారిలో, ఫలానా వేళకి నడిచే గుర్రబ్బండ్లు మొదలయ్యాయి. నిండినా నిండకపోయినా బండి కదలాల్సిందే. ఛార్జీ ఐదు సోల్‌లు, అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణేలు. మనం ఇవాళ సిటీ బస్సు అంటున్నది ఇదే. కానీ అక్కడి ఉన్నత న్యాయస్థానం అడ్డుపడి సైనికులు, నౌకర్లు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు ఎక్కకూడదంది. పెద్దమనుషుల సౌకర్యానికి ఇబ్బందట! ఆ సర్వీసు ఎక్కువ ఏళ్ళు నిలబడలేదు. మళ్ళీ అలాంటిది పుంజుకోవడానికి 1820ల దాకా ఆగాల్సి వచ్చింది. 1829లో లండన్‌లో జార్జ్ షిల్లిబియర్ ఆమ్నిబస్ అనే గుర్రపు బస్సు తెచ్చాడు, ప్యాడింగ్టన్ నుంచి బ్యాంక్ అనే పేటదాకా షిల్లింగు. కూలివాడికి అది పక్కకి తప్పుకుని దారివ్వడానికి పనికొచ్చే బండి.

ఇంజిన్ల అభిమానులు నా మీద విరుచుకుపడే ముందు ఒక మాట. సాంకేతికత చెప్పొద్దని నేననను, దాన్ని ఛార్జీతో ముడిపెట్టి చెప్పమంటాను. ఒక్క గుర్రపు బస్సు రోజంతా తిరగాలంటే సుమారు 11 గుర్రాలు కావాలి, ఎందుకంటే ఒక్కో జత కొన్ని గంటలే లాగగలదు. గడ్డి, దాణా, లాయం, నాడాలు, రోగం వస్తే వైద్యం, ఇదంతా ప్రయాణికుడి జేబులోంచే రావాలి కదా. 1888లో అమెరికాలోని రిచ్మండ్‌లో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు కరెంటు ట్రామ్‌లు నడిపి చూపించాక నగరాలన్నీ అటు ఎగబడింది అందుకే. గుర్రం మేత ఖర్చు పోయింది, టికెట్ దిగొచ్చింది. ఇది బోర్డు మీద రాస్తే ఎంతసేపు పడుతుంది?

ఆ బీరువాలో ఓ చిన్న లోహపు పరికరం ఉంది, పిడికిట్లో పట్టేంత. కండక్టర్ టికెట్ అంచుని దాని నోట్లో పెట్టి మీట నొక్కితే చిల్లు పడి లోపల గంట టింగుమంటుంది. ఆ గంట మనకోసం కాదండోయ్. కండక్టర్ డబ్బులు తీసుకుని టికెట్ కొట్టకుండా జేబులో వేసుకుంటాడేమోనని యాజమాన్యం పెట్టిన కాపలా. ఇంకా చూడండి, చిల్లు పడిన కాగితపు చుక్క కింద రాలదు, ఆ పరికరం పొట్టలోనే ఉండిపోతుంది. డ్యూటీ దిగాక దాన్ని తెరిచి చుక్కలు లెక్కపెట్టేవారు. ఒక్కో ఛార్జీకి ఒక్కో రంగు టికెట్ కాబట్టి రంగుల్ని బట్టి ఎంత రావాలో తేలిపోయేది. రోజంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి మాట చెల్లదు, కాగితపు చుక్క మాట చెల్లుతుంది. కూలికీ యాజమాన్యానికీ మధ్య నడిచిన కథంతా ఆ పిడికెడు వస్తువులో ఉంటే, దానికింద రాసిందేంటో తెలుసా? "టికెట్ పంచ్." అంతే!

చవక ఛార్జీ కూడా ఊరికే రాలేదు. బ్రిటన్‌లో 1883లో చట్టం చేసి రైలు కంపెనీల చేత కార్మికులకి చౌక రైళ్ళు నడిపించారు. మంచిదే. కానీ ఆ టికెట్ తెల్లవారుజాము రైళ్ళకే చెల్లేది. పని ఎనిమిదింటికైనా సరే, చవక టికెట్ కావాలంటే చీకటితో దిగి వీధుల్లో పడిగాపులు పడాలి. డబ్బు మిగిలింది, నిద్ర పోయింది. ఈ లెక్క ఏ గాజు పెట్టెలోనూ కనిపించదు.

న్యూయార్క్‌ది ఇంకో తమాషా. 1904లో సబ్‌వే, అంటే భూగర్భ రైలు, మొదలైనప్పుడు ఛార్జీ ఐదు సెంట్లు. 1948 దాకా అదే ఐదు సెంట్లు! రెండు ప్రపంచ యుద్ధాలు అయిపోయాయి, టికెట్ కదల్లేదు. పెంచితే జనం ఊరుకోరని నాయకుల భయం. చివరికి పది చేశారు, 1953లో పదిహేను. గేటు మిషన్ రెండు రకాల నాణేలు మింగలేదు, పదిహేనుకి ఒక్క నాణెం లేదు. అందుకని నాణెం బదులు గేటులో వేసే టోకెన్ పుట్టింది. అది 2003 దాకా బతికింది. బ్రూక్లిన్‌లో మూతపడ్డ భూగర్భ స్టేషన్‌లో పెట్టిన మ్యూజియంలో ఆ పాత గేట్లు కూడా వరసగా నిలబెట్టారు. అలా ఉండాలి.

కలకత్తా సంగతి అసలు మర్చిపోకూడదు. 1953లో బ్రిటిష్ ట్రామ్ కంపెనీ సెకండ్ క్లాసు ఛార్జీ పెంచింది. ఎంతా? ఒక్క పైసా. నగరం అట్టుడికిపోయింది. పాత ఛార్జీయే ఇస్తాం, దిక్కున్నచోట చెప్పుకోమన్నారు జనం. ట్రామ్‌లు తగలబడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి, చివరికి పెంపు వెనక్కి పోయింది. పైసాకి ఇంత గొడవా అనుకునేవాళ్ళు రోజుకి రెండుసార్లు ట్రామెక్కే గుమాస్తా జీతంతో నెల గడిపి చూడాలి.

డబ్బు ఇచ్చినా సీటు దొరకనివాళ్ళ మాటేమిటి మరి? అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతివాళ్ళు ముందు తలుపు దగ్గర ఛార్జీ కట్టి, కిందకి దిగి, వెనక తలుపుకి నడిచి ఎక్కాల్సి వచ్చేది. వాళ్ళు అక్కడికి చేరేలోపు బండి కదిలించేసిన డ్రైవర్లున్నారు. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ తెల్లవాడి కోసం సీటులోంచి లేవనన్న ఆ బస్సు ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. మధ్యలో అది చాలా ఏళ్ళు ఓ పొలంలో సామాన్ల కొట్టుగా పడి ఉండేది. ఆ బస్సు ఇంజిన్ ఎన్ని హార్స్‌పవరో ఎవరికైనా కావాలా? అంతకు నూరేళ్ళ ముందే, 1854లో, న్యూయార్క్‌లో ఎలిజబెత్ జెన్నింగ్స్ అనే నల్లజాతి మహిళని గుర్రపు ట్రామ్‌లోంచి లాగిపారేస్తే ఆవిడ కంపెనీ మీద దావా వేసి గెలిచింది. ఆవిడ వకీలు చెస్టర్ ఆర్థర్, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఎన్ని గుర్రపు ట్రామ్‌ల పక్కన ఆవిడ పేరు రాసి ఉంది?

వీల్‌చెయిర్‌లో వచ్చిన ఓ పెద్దాయన ఆ డబుల్ డెక్కర్ మెట్ల ముందు ఆగి చూసి వెళ్ళిపోయారు. 1978లో అమెరికాలోని డెన్వర్‌లో 19 మంది వీల్‌చెయిర్ వాళ్ళు బస్సుల్ని చుట్టుముట్టి, రాత్రంతా రోడ్డు మీదే ఉండి, మేం ఎక్కేలా చేసేదాకా ఇక్కణ్ణుంచి కదలం అన్నారు. అదీ రవాణా చరిత్రే కదా, ఒక ఫొటో పెడితే ఏం పోయింది?

బయటికొస్తూ అభిప్రాయాల పుస్తకంలో రాసేశాను. హార్స్‌పవర్ కింద మూడు లైన్లు చేర్చండి: టికెట్ ఎంత, ఆ రోజుల్లో రోజు కూలి ఎంత, ఎవరికి ప్రవేశం లేదు. నా పైన ఎవరో రాసినదాని పక్కన సిబ్బంది టిక్కు కూడా పెట్టారు. "ఏసీ చాలా బాగుంది" అట.